స్నేహానికి ఓ తలుపు తెరిచి ఉంచుదాం

‘‘మీకు కథలు ఎలా తడతాయండీ?’’ అని నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ‘‘మీకు ఎవరెవరు తారసపడ్డారండీ?’’ అని అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు. నన్నడిగితే రెండోదే అసలు ప్రశ్న.

రచయిత్రి అంటే పుట్టుకతోనే సరస్వతీ కటాక్షం ఉన్నదనీ, కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుంటే కథలు వాటంతటవే వచ్చి వాలుతాయనీ చాలామంది అనుకుంటారు. చండ్రుగొండ లాంటి ఊళ్లో పొద్దున అయిదింటికి లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే ఇల్లాలికి ఆ కిటికీ దగ్గర కూర్చునే తీరిక ఎక్కడిది? అయినా మనలో కొందరం రాస్తున్నాం. కొందరు పాడుతున్నారు, కొందరు బొమ్మలు వేస్తున్నారు. ఎలా సాగుతోంది ఇదంతా? నాకు తెలిసినంతలో జవాబు ఒకటే. ఎవరో ఒకరు, అనుకోకుండా, మన దారిలోకి వచ్చారు. వచ్చి, మనం చేసే పనిని ఒక పనిగా గుర్తించారు.

ఆ వచ్చేవాళ్లు రాకుండా పోతే ఏమవుతుందన్నదే నా బెంగ. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది అందుకే.

గడప అవతల కలిసిన స్నేహాలు

మన తెలుగువాళ్లకు బాపు, రమణ అంటే రెండు పేర్లు కావు, ఒకటే పేరు. రమణగారు పుట్టింది ధవళేశ్వరంలో, బాపుగారు పుట్టింది నరసాపురంలో. చిన్నతనంలోనే తండ్రి పోయి, తల్లితో కలిసి రమణగారు మద్రాసు చేరకపోయి ఉంటే, మైలాపూరు పి.ఎస్. హైస్కూల్లో ఆ ఇద్దరూ ఒకరికొకరు తగిలేవాళ్లే కారు. 1945లో న్యాయపతి రాఘవరావుగారి ‘బాల’ పత్రికలో రమణగారి తొలి కథ వచ్చింది. బాపుగారి బొమ్మలూ ఆ పత్రికలోనే మొదలయ్యాయి. 2011లో రమణగారు కన్నుమూసేదాకా ఆ జోడీ విడిపోలేదు. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’లో గోదావరి మీద లాంచీ మన భద్రాచలం వైపు సాగిపోతుంటే చూసి మురిసిపోయాం కదా! ఆ లాంచీ కదలడానికి వెనుక మద్రాసులో ఒక బడి గంట మోగింది.

ఇంకొంచెం దగ్గరికి వద్దాం. మహాకవి దాశరథి హైస్కూలు చదువు సాగింది మన ఖమ్మంలోనే. నిజాం కాలంలో ఆయన్ని నిజామాబాదు జైల్లో పెట్టినప్పుడు అక్కడ వట్టికోట ఆళ్వారుస్వామి తోడు దొరికారు. ఆళ్వారుస్వామిగారిది కలిగినింటి పుట్టుక కాదు. చిన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడింట్లో వండిపెడుతూ అక్షరాలు నేర్చుకున్నారు. హోటల్లో సర్వరుగా, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దేవాడిగా పనిచేశారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలంగాణ రచనలను అచ్చులోకి తెచ్చారు. దాశరథిగారు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన ముచ్చట ఈ జిల్లాలో తెలియనివాళ్లుండరు. 1949లో వచ్చిన తన ‘అగ్నిధార’ను దాశరథిగారు ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. ఏ రాజుకో జమీందారుకో కాదు, జైలు స్నేహితుడికి!

ఇక్కడో సంగతి గమనించారా? బడి, హోటలు, పత్రికాఫీసు, జైలు. ఈ స్నేహాలన్నీ గడప అవతల కలిసినవే. అదృష్టం కూడా రోడ్డు మీద నడిచేవాళ్లకే ఎదురవుతుంది. మరి రోడ్డు మీదికి రానివాళ్ల మాటేమిటి?

గడప ఇవతల

మన ఆడవాళ్ల సాహిత్య చరిత్ర తిరగేస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. తెలుగులో తొలి కథకురాలిగా ఇవాళ మనం చెప్పుకుంటున్న భండారు అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. ఖమ్మం పక్కనుంచి పారే మన మున్నేరే ఆ ఊరి పక్కనుంచీ పారుతుంది. పదేళ్లకే పెళ్లి. బడి మెట్లు ఎక్కలేదు. కానీ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆ పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చింది.

చావలి బంగారమ్మగారి కవితలు ఎంత మెత్తనివో చదివినవాళ్లకు తెలుసు. ఆవిడకు అన్న కవికొండల వెంకటరావు. ఆయనా కవే. అచ్చమాంబకు తమ్ముడు, బంగారమ్మకు అన్న. అంటే గడప దాటలేని ఆడదానికి ఎదురవగలిగిన అదృష్టం ఒక్కటే, ఇంట్లోనే ఒక చదువుకున్న మగతోడు ఉండటం. ఆ తోడు మంచి మనసున్నవాడు కావడం. అలాంటి అన్నో తమ్ముడో లేని ఇళ్లల్లో ఎందరు అచ్చమాంబలు పప్పు రుబ్బుతూనే ఉండిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

అచ్చమాంబ అక్కడితో ఆగలేదు. అందుకే ఆవిడంటే నాకు అంత గౌరవం. తనకు దొరికిన అదృష్టాన్ని తన దగ్గరే మూటగట్టుకోకుండా, 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం స్థాపించింది. ఆడవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు కల్పించింది. తమ్ముడి వల్ల తనకు కాకతాళీయంగా దొరికిన చదువు, పదిమందికి కాకతాళీయం కాకుండా దొరకాలని ఆశపడింది. 1905లో ముప్పయ్యేళ్లు దాటీ దాటకుండానే వెళ్లిపోయింది పాపం.

ఆ తర్వాతి తరంలో బాపట్ల నుంచి కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ రాశారు. శారద తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలవి. స్త్రీ విద్య నుంచి దేశం సంగతుల దాకా అన్నీ అందులో ఉండేవి. చూడండి, లోకానికి చెప్పాలనుకున్న మాటను ఆవిడ ఉపన్యాసంలా చెప్పలేదు, స్నేహితురాలి చెవిలో చెప్పినట్టు చెప్పారు. చదివిన ప్రతి ఇల్లాలూ తనే కల్పలతననుకుంది. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం తొలిసారి తొడిగింది ఆ చేతికే. మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు నడిపిన ‘ప్రమదావనం’ కూడా అలాంటిదే. ఎక్కడో పల్లెటూళ్లో ఉన్న ఆడపిల్ల ఒక ప్రశ్న రాసి పోస్టుడబ్బాలో వేస్తే, మద్రాసు నుంచి ఒక పెద్దక్క జవాబు చెప్పేది. ముఖం చూడని స్నేహాలవి. అయినా ఎన్ని ఇళ్లల్లో ఎన్ని కిటికీలు తెరిచాయో!

నాకంటే బాగా రాసిన అమ్మాయి

ఇదంతా పుస్తకాల్లో చదివి మాత్రమే చెప్పడం లేదు. ఇంటర్మీడియెట్‌లో నా పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. నోటుపుస్తకం వెనక పేజీల నుంచి మొదలుపెట్టి కథలు రాసేది. నేను చదివి, దాని కిందే నా కథ రాసి ఇచ్చేదాన్ని. నాకంటే తనే బాగా రాసేది. మర్యాదకు అంటున్న మాట కాదిది. నేను నాలుగు పేజీల్లో చెప్పే సంగతిని తను నాలుగు వాక్యాల్లో తేల్చేసేది. వాళ్ల నాయనమ్మ గురించి రాస్తే కాగితం మీద నాయనమ్మ గొంతే వినిపించేది.

రెండో సంవత్సరం పరీక్షలు కాగానే దానికి పెళ్లి చేశారు. కొన్నాళ్లు ఉత్తరాలు నడిచాయి. అత్తవారింట్లో ప్రతి ఉత్తరం ముందు వేరేవాళ్లు విప్పి చదివాకే దాని చేతికి వచ్చేది. ‘‘ఆడపిల్ల రాసిందే కదా, దాపరికమెందుకు?’’ అనేవారట. దాపరికం లేని మాట నిజమే. కానీ నలుగురూ చదువుతారని తెలిశాక ఉత్తరంలో ఏం రాస్తాం? ‘‘మేము క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను’’ అని రాస్తాం. కొన్నాళ్లకు అదీ ఆగిపోయింది. నాలుగేళ్ల కిందట ఒక పెళ్లిలో కలిసినప్పుడు ‘‘ఏమన్నా రాస్తున్నావా?’’ అని అడిగాను. ‘‘అవన్నీ ఎప్పటి మాటలే!’’ అని నవ్వేసి, వడ్డనకు ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

నేను డిగ్రీ దాకా చదివాను. నా పెళ్లి కాస్త ఆలస్యంగా అయింది. నేను వచ్చిపడ్డ ఊళ్లో నాకు మనుషులు దొరికారు. మా ఇద్దరికీ తేడా అంతే. ‘‘తపన ఉన్నవాళ్లని ఎవరూ ఆపలేరు’’ అని సభల్లో చెబుతుంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. తపన ఉన్నదాన్ని ఎంత తేలిగ్గా ఆపవచ్చో నేను కళ్లారా చూశాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. స్నేహితురాలిని దూరం చేశారు, అంతే.

పక్క వాటాలో టీచరమ్మ, చేలో అక్క

పెళ్లయి చండ్రుగొండ వచ్చాక ఆరేడేళ్లు నేనూ కలం ముట్టలేదు. అప్పుడు మా పక్క వాటాలోకి బదిలీ మీద వచ్చిన ఒక టీచరమ్మ అద్దెకు దిగారు. ఇద్దరికీ పాలుపోసే అతను ఒకడే. ఓసారి లెక్క తేడా వచ్చి నా పాలలెక్క పుస్తకం తీసుకెళ్లారు. అందులో పాలలెక్కల మధ్య నేను రాసి వదిలేసిన సగం కథ ఉంది. మర్నాడు పుస్తకం తిరిగిస్తూ ఆవిడ ‘‘చాలా బాగుందండీ’’ అనలేదు. ‘‘ఆ తర్వాత ఆ ముసలమ్మ ఏం చేసింది?’’ అని అడిగారు. ఏం చేసిందో నాకే తెలియదు! ఆవిడ అడిగారని ఆ రాత్రి అంట్లు తోమాక కూర్చుని రాశాను. ‘‘ఆ తర్వాత?’’ అని అడిగే మనిషి ఒక్కరుంటే చాలు, ఆ ‘తర్వాత’ రాయక తప్పదు. రెండేళ్లకు ఆవిడకు మళ్లీ బదిలీ అయింది. ఆవిడ వెళ్లిపోయినా ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఇంకొకామె మా చేలో మిరపకాయలు కోయడానికి వచ్చే కోయ అక్క. మధ్యాహ్నం చెట్టు కింద సద్దిమూటలు విప్పినప్పుడు ‘‘ఏదో రాస్తావంటగా, చదివి చెప్పమ్మా’’ అంది. అడవిలో వాన కురిసే ఘట్టం చదివాను. తల అడ్డంగా ఊపింది. ‘‘అడివిలో వాన ఒంటి మీద పడేదానికంటే ముందు చెవిన పడుద్దమ్మా. దూరాన ఆకుల మీద చప్పుడు నడిచొస్తా ఉంటది. మూటలు సర్దుకునేలోపు మన మీదకొస్తది’’ అంది. కనకగిరి గుట్టల నీడన ఇన్నేళ్లుగా ఉంటున్నా నేను వానను చూశాను గానీ విన్లేదు. ఆమెకు అక్షరాలు రావు. ఆ కథను సరిదిద్దింది మాత్రం ఆమే.

కథ అచ్చయ్యాక చదివి వినిపిస్తే ‘‘నా మాట నువ్వెత్తుకపోయినవు’’ అని నవ్వింది. నవ్వుతూ అన్నా అందులో నిజముంది. అడవి అంచున కూర్చుని రాసేవాళ్లం ఈ లెక్క మరవకూడదు. కూలి బాకీ వేరు, మాట బాకీ వేరు. కూలి ఆ సాయంత్రం తీరుతుంది. మాట బాకీ తీరాలంటే ఆమె ఇంటికీ మనం వెళ్లాలి, ఆమె కష్టమూ మనం వినాలి. ఇప్పుడు వాళ్లమ్మాయి చదువు దరఖాస్తులన్నీ నేనే నింపుతాను. ఆమె నా కథల్లో తప్పులు పడుతుంది. స్నేహమంటే ఇచ్చిపుచ్చుకోవడమే గానీ, ఒకరి దగ్గర ఏరుకోవడం కాదు కదా!

పరిచయం వేరు, పైరవీ వేరు

పరిచయాల గురించి మాట్లాడగానే ‘‘ఓహో, పత్రికాఫీసుల్లో తెలిసినవాళ్లుండాలన్నమాట!’’ అనేవాళ్లూ ఉంటారు. నేను చెప్పేది పైరవీ గురించి కాదు. పైరవీ కథను అచ్చు దాకా తీసుకెళ్తుందేమో గానీ కథ రాయించలేదు. సన్మానాలు, శాలువాల కోసం కట్టే జట్లు అవసరం తీరగానే చెదిరిపోతాయి. మంచి స్నేహానికి ఒకటే గుర్తు. మన రాత బాగాలేనప్పుడు బాగాలేదని చెబుతుంది, అలా చెప్పాక కూడా రేపు మళ్లీ వస్తుంది.

‘‘ఇప్పుడు ఫోన్లున్నాయి కదా, వాట్సాప్ గ్రూపులున్నాయి కదా, ఇంకేం కావాలి?’’ అంటారు మా అమ్మాయి వయసు పిల్లలు. కాదనను. ఊరు దాటలేని ఎందరో ఆడవాళ్లకు ఆ చిన్న తెర మీదే తొలి పాఠకులు దొరికారు. అయితే గ్రూపులో కథ పెట్టగానే చప్పట్ల బొమ్మలు, పూలగుత్తులు వచ్చిపడతాయి. ‘‘ఆ ముసలమ్మ తర్వాత ఏం చేసింది?’’ అని అడిగేవాళ్లు వందమందిలో ఒక్కరుంటే గొప్ప. ఆ ఒక్కరిని గుర్తుపట్టి పట్టుకోవడమే మన పని. ఇంకో సంగతి. అప్పట్లో ఉత్తరాలు విప్పి చదివినవాళ్లు ఇప్పుడు ఫోన్లు తీసి చూస్తున్నారు. సాధనం మారింది, అలవాటు మారలేదు.

మనమేం చేయొచ్చు?

అదృష్టం మన చేతిలో లేదు, నిజమే. కానీ అది వచ్చే దారిని ఊడ్చి ఉంచడం మన చేతిలో ఉంది.

మనవి బదిలీల ఊళ్లు. కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లలో, మండలాల్లోని బడుల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో ఏటా కొత్త మనుషులు దిగుతుంటారు. పక్కింట్లో సామాను దిగగానే ‘‘మీవారేం చేస్తారు?’’ అని అడుగుతాం. దాంతోపాటు ‘‘మీకేమిష్టం?’’ అని కూడా అడిగి చూడండి. కూరగిన్నెతో పాటు ఒక పుస్తకమూ పట్టుకెళ్లండి. పుస్తకం తిరిగి రాకపోతే పోనివ్వండి, మనిషి మిగులుతుంది.

పొదుపు సంఘం మీటింగులకు ఎలాగూ వెళ్తున్నాం. లెక్కలు అయిపోయాక ఓ పది నిమిషాలు ఆగి, ఒక పాటో ఒక పాత కథో చెప్పుకుంటే వడ్డీ ఏమీ పడదు. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆసుపత్రికీ, పుట్టింటికీ, గుడికీ వెళ్తున్నాం. ఏడాదికి ఒక్కసారైనా జిల్లా కేంద్రంలో జరిగే పుస్తకాల సభకో, గ్రంథాలయానికో కూడా వెళ్దాం. మగవాళ్లకు హోటలు బల్ల, రచ్చబండ చేసిన పని మనకు బస్సులో పక్క సీటు చేయొచ్చేమో! 1993లో మొదలైన ‘భూమిక’ లాంటి పత్రికలు రచయిత్రులను ఇళ్లల్లోంచి బయటకు తీసుకొచ్చి, కలిసి ప్రయాణాలు చేయించిందీ ఇందుకే. కలిసి తిరిగినవాళ్లు కలిసి ఆలోచిస్తారు.

ఇంట్లోవాళ్లకూ ఒక విన్నపం. నెలకు ఒక మధ్యాహ్నం మీ ఇంటి ఇల్లాలిని తన స్నేహితులకు వదిలేయండి. ఆ పూట అన్నం వడ్డించుకుంటే కంచం బరువెక్కదు. ఆమె ఫోను, ఆమె ఉత్తరం, ఆమె నోటుపుస్తకం విప్పకండి. కొత్త కోడలు వస్తే నగలెన్ని తెచ్చిందని కాదు, స్నేహితురాళ్లు ఎందరని అడగండి. వాళ్లను ఇంటికి పిలవండి. ఆడపిల్లకు పెళ్లి చేస్తే ఇంటిపేరు మారుతుందంటారు. స్నేహితులు కూడా మారిపోవాలని ఏ శాస్త్రంలోనూ రాసి లేదు.

మనం రాసిన కథలకు కింద మన పేరు ఒక్కటే అచ్చవుతుంది. కానీ ఆ పేరు వెనుక పాలలెక్క పుస్తకం తిప్పిన చెయ్యి, వాన చప్పుడు వినిపించిన గొంతు, ఇలా ఎన్నో ఉంటాయి. మీ వెనుకా ఉంటాయి. మీరు రాసేవారు కాకపోవచ్చు. మంచి ముగ్గు వేసినా, బతుకమ్మ పాట ఎత్తుకున్నా, నలుగురూ మెచ్చేలా రవికె కుట్టినా, దాని వెనుక ఎవరో ఒకరు ‘‘నీకు వస్తుంది, చెయ్యి’’ అన్నవారు ఉండే ఉంటారు. ఈ వారం తీరిక చేసుకుని వాళ్లకో ఫోను చేయండి. ఆ తర్వాత మీ చుట్టూ చూడండి. మీరు ‘‘ఆ తర్వాత?’’ అని అడిగితే చాలు, ఆగిపోయిన పని మళ్లీ మొదలుపెట్టే మనిషి మీ వీధిలోనే ఉండొచ్చు. ఏమంటారు?